సార్కా, బిమ్స్‌టెక్కా, ఇద్దరి మధ్య ఒప్పందమా: పొరుగు దేశాలతో ఏ పనికి ఏ కాగితం

మా మేనకోడలు విజయవాడలో లా చదువుతోంది. మొన్న రాత్రి పదింటికి ఫోన్ చేసి, "మామయ్యా, రేపు కాలేజీలో డిబేట్. సార్క్‌ని మూసేసి బిమ్స్‌టెక్‌నే పట్టుకోవాలా వద్దా అని టాపిక్. ఏ వైపు మాట్లాడితే గెలుస్తాను?" అంది. సార్క్ అంటే భారత్, పాకిస్తాన్‌తో సహా ఎనిమిది దక్షిణాసియా దేశాల సంఘం, బిమ్స్‌టెక్ అంటే బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఏడు దేశాల సంఘం. నేను గుంటూరులో మిర్చి ఎగుమతి కాగితాలు చూసే మనిషిని. లా చదవలేదు. కానీ ఇరవై ఏళ్లుగా బంగ్లాదేశ్‌కీ శ్రీలంకకీ వెళ్లే సరుకు వెనకాల తిరిగి తిరిగి, ఈ ఒప్పందాల్లో ఏ పేజీ పనికొస్తుందో, ఏ పేజీ ఫొటోల కోసం పెట్టారో కొంచెం తెలిసింది. అందుకే ఒక్కటే అడిగాను: "ఏ పనికి?"

దానికి కోపం వచ్చింది. "పనేంటి మామయ్యా, ప్రాంతీయ సహకారం!" అంది.

తేడా కొట్టేది అక్కడే. కౌలు కాగితం వేరు, ప్రామిసరీ నోటు వేరు, పాలవాడి ఖాతా వేరు. మూడూ నమ్మకం మీదే నడుస్తాయి, అయినా పాల ఖాతా పుస్తకం పట్టుకుని ఎవరూ కోర్టు మెట్లెక్కరు. టీవీ చర్చల్లో మాత్రం పొరుగు దేశాలతో మనకున్న పనులన్నీ, నీళ్లూ కరెంటూ సరుకూ రోడ్లూ చేపల పడవలూ, ఒకే మూట కట్టేసి అది ఏ సంఘం నెత్తిన పెట్టాలా అని కొట్టుకుంటారు.

నా లెక్క వేరు. ఏ ఒప్పందం చేతికొచ్చినా ముందు మూడు సంగతులు వెతుకుతాను. ఏ ఒక్కరు అడ్డం తిరిగితే మొత్తం ఆగిపోతుంది? మాట తేడా వస్తే తీర్పు ఎవరిది? సంతకం పెట్టినాయన ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా? ఎన్ని దేశాలున్నాయి, ఎంత జనాభా, ఎంత జీడీపీ అనేవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఈ మూడు ప్రశ్నలు ఎందుకో మనవాళ్లకి చెప్పాలంటే నాగార్జునసాగర్ డ్యామ్ చాలు. 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజున, తెల్లారకముందే మన ఆంధ్రా పోలీసులు డ్యామ్ మీదకి వెళ్లి 26 గేట్లలో 13 మావని ముళ్లకంచె వేశారు, కుడి కాలువకి నీళ్లు వదిలారు, చివరికి కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ని దించింది. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీల లెక్క ఉంది, 2014 విభజన చట్టం ఉంది, కృష్ణా బోర్డు ఉంది, పైన సుప్రీంకోర్టు ఉంది, రెండు వైపులా మాట్లాడేది తెలుగే, అయినా ఇది జరిగింది. దేశాల మధ్య ఇలాంటిది వస్తే దించడానికి సీఆర్‌పీఎఫ్ ఉండదు. అంత తేడా. అందుకే కాగితం ఎంచుకునేటప్పుడే జాగ్రత్త పడాలి.

సార్క్: అందరూ ఉన్న ఇల్లు

1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దేశాలతో మొదలైంది, 2007లో అఫ్గానిస్తాన్ చేరి ఎనిమిదైంది, ఆఫీసు ఖాట్మండులో. దీని చార్టర్‌లో పదో అధికరణ ఒక్కటి చదివితే మిగతా కథంతా అర్థమైపోతుంది: ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే, ఇద్దరి మధ్య గొడవలు, వివాదాలు ఇక్కడ ఎత్తకూడదు. కశ్మీర్ గురించి మాట్లాడకూడని చోట భారత్, పాకిస్తాన్ కూర్చుని ఏం చేస్తాయని నవ్వుతారు జనం. నిజానికి ఆ రూలు లేకపోతే అసలు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. చిన్న దేశాలన్నీ కలిసి తన మీదకొస్తాయేమోనని మనకి అనుమానం, ఇంత పెద్ద దేశం తమని మింగేస్తుందేమోనని వాళ్లకి. ఈ ప్రాంతం జనాభాలో నాలుగింట మూడు వంతుల దాకా మనమే ఉన్నాం కాబట్టి వాళ్ల భయం ఉత్తి భయం కాదు.

సరే, ఆ రూలే గొంతు కూడా పట్టుకుంది. 2014 నవంబరులో ఖాట్మండులో జరిగిందే ఆఖరి శిఖరాగ్ర సమావేశం. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది ఉరీ దాడి తర్వాత రద్దయింది, ఆ తర్వాత మళ్లీ లేదు. ఖాట్మండులోనే మోటారు వాహనాల ఒప్పందం, అంటే ఒక దేశం లారీ ఇంకో దేశంలోకి సరుకు దించకుండా నేరుగా వెళ్లే ఏర్పాటు, పాకిస్తాన్ ఒప్పుకోక ఆగిపోయింది. మన శ్రీహరికోట నుంచి 2017 మే 5న ఎగిరిన ఉపగ్రహం కూడా ముందు సార్క్ ఉపగ్రహమే. పాకిస్తాన్ మాకొద్దు అనేసరికి దక్షిణాసియా ఉపగ్రహమని పేరు మార్చి పంపించారు. పేరు మారింది గానీ పని జరిగింది, గమనించండి.

ఇంతవరకూ చెప్పి చాలామంది "సార్క్ చచ్చిపోయింది" అని ముగిస్తారు. నేను అలా అనలేను, ఎందుకంటే నా టేబుల్ మీద అది బతికే ఉంది. సార్క్ కింద వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా, 2006 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. నాయకులు కలిసినా కలవకపోయినా సాఫ్టా సర్టిఫికెట్లు, అంటే సరుకు మన దగ్గర పుట్టిందేనని చెప్పే కాగితాలు, వస్తూనే ఉన్నాయి.

కొలంబోకి సరుకు వెళ్లాలంటే నా ముందు మూడు దారులుంటాయి. సాఫ్టా ఒకటి. 2000 మార్చి 1 నుంచి నడుస్తున్న భారత్–శ్రీలంక ఒప్పందం రెండోది. 1975 నాటి బ్యాంకాక్ ఒప్పందం, ఇప్పుడు ఆప్టా అంటున్నారు, మూడోది. దేని లిస్టు దానిదే. ఒకదాంట్లో సుంకం తగ్గిన సరుకు ఇంకోదాంట్లో సున్నితమైన సరుకుల జాబితాలో కూర్చుని పూర్తి సుంకం కట్టమంటుంది. సరుకు మన దగ్గర పుట్టిందేనని రుజువు చేసే లెక్కలు కూడా వేరే: మన పొలంలో కాసిన ఎండుమిర్చికి ఇబ్బంది లేదు, కానీ బయటి ముడిసరుకు కలిపి తయారుచేసిన వస్తువైతే శ్రీలంక ఒప్పందంలో దేశీయ విలువ 35 శాతం చాలు, సాఫ్టాలో మనలాంటి దేశానికి 40 శాతం చూపించాలి. కాబట్టి కొత్తగా ఎగుమతిలోకి దిగేవాళ్లకి నా సలహా, ఒప్పందం పేరు చూసి ముచ్చటపడకండి, మీ సరుకు కస్టమ్స్ ఆరంకెల కోడ్ పట్టుకుని మూడు లిస్టులూ తెరిచి వెతకండి. నేను ఒకసారి తేజ రకం మిర్చి కాయ టిక్కీలకి (బస్తాలకి) పొడి కోడ్ కొట్టాను. కాయకి 0904 21, పొడికి 0904 22, ఒక్క అంకె. అవతల రేవులో సరుకు ఆపేశారు, సర్టిఫికెట్ మార్పించి పంపేసరికి తొమ్మిది రోజులు, రేవులో సరుకు ఆగినందుకు కట్టే డెమరేజీ మా నెత్తిన. మా సేటు ఆ వారం నాతో మాట్లాడలేదు.

సాఫ్టాని మరీ మోసెయ్యడం లేదు. సార్క్ దేశాల వ్యాపారంలో వాటి మధ్య జరిగేది ఐదు శాతం దగ్గరే తిరుగుతోంది. మనం పాకిస్తాన్‌కి 1996లో ఇచ్చిన ఎంఎఫ్‌ఎన్ హోదా (వ్యాపారంలో మిగతా దేశాలతో సమానంగా చూసే హోదా) పుల్వామా దాడి తర్వాత 2019 ఫిబ్రవరిలో తీసేసి 200 శాతం సుంకం వేశాం, అదే ఏడాది ఆగస్టులో వాళ్లు వ్యాపారమే ఆపేశారు. అక్కడ సాఫ్టా ఏమీ చెయ్యలేకపోయింది. రాజకీయం తలుపు మూస్తే ఏ సర్టిఫికెటూ తియ్యలేదు.

బిమ్స్‌టెక్: గొడవమనిషి లేని ఇల్లు

దీని ఆకర్షణ ఒక్క ముక్కలో చెప్పాలంటే పాకిస్తాన్ లేదు. 1997 జూన్ 6న బ్యాంకాక్‌లో పుట్టింది. బంగ్లాదేశ్, భారత్, శ్రీలంక, థాయిలాండ్, మయన్మార్, నేపాల్, భూటాన్. ఆంధ్రావాళ్లకి ఇంకో ఆకర్షణ కూడా ఉంది, ఇది బంగాళాఖాతం చుట్టూ ఉన్నవాళ్ల సంఘం, అంటే మన బీచ్ ముందున్న సముద్రం. 2019 నవంబరులో దీని రేవుల సదస్సు విశాఖలోనే జరిగింది.

కానీ నా మూడు ప్రశ్నలు అడిగి చూడండి. ఇక్కడా అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం. చార్టర్ రాసుకోవడానికే పాతికేళ్లు పట్టింది: 2022 మార్చిలో సంతకాలు, 2024 మే 20న అమలు. స్వేచ్ఛా వాణిజ్యానికి 2004లో ముందస్తు ఒప్పందం రాసుకున్నారు, అసలుది ఇంతవరకూ పూర్తి కాలేదు. సర్టిఫికెట్ కోసం నా దగ్గరికొచ్చేవాళ్లకి బిమ్స్‌టెక్ పేరుతో ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, అదీ సంగతి. పాకిస్తాన్ లేకపోతే పనులు పరిగెడతాయనుకున్నవాళ్లు ఈ ఇరవై ఏళ్ల ఆలస్యానికి ఎవరిని తిడతారో నాకు చూడాలనుంది. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత మయన్మార్ గుండా రోడ్డు వెయ్యడం ఇంకా కష్టమైంది.

మంచి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ సమావేశంలో సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రేవుల్లో అది ఎలా అమలవుతుందన్నది మనకి చాలా ముఖ్యం. ఓడల విషయంలో నేను బిమ్స్‌టెక్ వైపే.

ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల సంఘం), యూరప్ సంగతి కూడా అడుగుతారు కాబట్టి త్వరగా. యూరప్ 1951లో బొగ్గు, ఉక్కుతో మొదలుపెట్టి, తన దేశాల చట్టాల కన్నా పైన నిలబడే కోర్టు దాకా వెళ్లింది. మనవైపు అంత అధికారం బయటి కోర్టుకి ఇచ్చే ప్రభుత్వం ఏ దేశంలోనూ కనపడటం లేదు, కాబట్టి ఆ మోడల్ మెచ్చుకోవడానికే. ఆసియాన్ నుంచి మాత్రం ఒక చిన్న పనిముట్టు అరువు తెచ్చుకోవచ్చు: ఆర్థిక విషయాల్లో అందరూ ఒప్పుకుంటే సిద్ధంగా ఉన్నవాళ్లు ముందు వెళ్లొచ్చు, మిగతావాళ్లు తర్వాత చేరొచ్చు. తమాషా ఏంటంటే, సార్క్ చార్టర్ ఏడో అధికరణలోనూ ఇలాంటి సందు ఉంది, అందరూ కాకుండా కొందరు సభ్యులే కలిసి ప్రాజెక్టు చేసుకునేలా. దాన్ని వాడింది తక్కువ.

ఇంట్లోవాళ్ల సంతకం

ఖాట్మండులో ఆగిన లారీల ఒప్పందాన్ని బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ నలుగురే 2015 జూన్ 15న థింపులో చేసుకున్నారు. బీబీఐఎన్ అంటారు. పాకిస్తాన్ లేదు, నలుగురే, అందరూ స్నేహితులే. 2016లో భూటాన్ ఎగువ సభ తిరస్కరించింది. బయటి లారీలన్నీ వచ్చిపడితే తమ చిన్న కొండ రోడ్లు, అడవులు ఏమవుతాయని వాళ్ల భయం. తప్పు అనలేం. మిగతా ముగ్గురూ ముందుకెళ్దామన్నారు, లారీలు మాత్రం నెమ్మదిగానే కదులుతున్నాయి.

మనింట్లోనూ ఇదే. 2011 సెప్టెంబరులో తీస్తా నీళ్ల ఒప్పందం సిద్ధమై, ప్రధాని మన్మోహన్ సింగ్ ఢాకా వెళ్తుంటే, బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఒప్పుకోలేదు. అంతే, ఆగిపోయింది. రాజ్యాంగం 253వ అధికరణ ప్రకారం విదేశీ ఒప్పందం అమలు కోసం రాష్ట్ర జాబితాలోని విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చెయ్యొచ్చు. పుస్తకంలో అలా ఉంది. కాలువ చివర రైతు నీళ్ల కోసం ఎదురుచూస్తుంటే రాష్ట్రాన్ని కాదని ఏ కేంద్ర ప్రభుత్వం సంతకం పెడుతుందో పల్నాడు వాళ్లని అడిగితే చెప్తారు.

భూమి సంగతైతే ఇంకా గట్టి. 1958లో నెహ్రూ, పాకిస్తాన్ ప్రధాని నూన్ చేసుకున్న ఒప్పందంలో బేరుబారి అనే చోటుని పంచితే, దేశ భూభాగాన్ని ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ కావాలని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క అభిప్రాయం నీడ ఎంతకాలం పడిందో చూడండి. బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఒప్పందం 1974లో కుదిరింది. వాళ్లు అదే ఏడాది ఆమోదించుకున్నారు. మనం 100వ రాజ్యాంగ సవరణ చేసింది 2015లో. ఈలోపు వాళ్ల నేలలో మన ముక్కలు 111, మన నేలలో వాళ్ల ముక్కలు 51, అలాగే ఉండిపోయాయి. దహాలా ఖాగ్రాబారీ అని ఒక పొలం ముక్క ఉండేది: అది భారత్‌ది, దాని చుట్టూ బంగ్లాదేశ్ ముక్క, దాని చుట్టూ మళ్లీ భారత్ ముక్క, దాని చుట్టూ బంగ్లాదేశ్. అలాంటి ముక్కల్లో బతికిన జనానికి కరెంటు ఎవరివ్వాలి, దొంగతనం జరిగితే ఏ పోలీసు రావాలి? 41 ఏళ్లు.

ఇద్దరి మధ్య కాగితం, ఎవరికీ పట్టని కాగితం

నా ఓటు ఎక్కువగా వీటికే. పెద్దగా పేరులేనివాటికి మరీ ఎక్కువ.

2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు గుజరాత్ వేరావల్ పడవల మీద కూలికి వెళ్లి పాకిస్తాన్ వాళ్లకి దొరికిపోయారు. 2020 జనవరి మొదటి వారంలో 20 మంది వాఘా దాటి వచ్చారు. ఆ మధ్యలోనే పుల్వామా, బాలాకోట్ అన్నీ జరిగాయి. మాటల్లేని ఆ రోజుల్లో కూడా ఆగనిది 2008లో రెండు దేశాలూ చేసుకున్న కాన్సులర్ ఒప్పందం: ఏటా జనవరి 1న, జులై 1న ఎవరి జైళ్లలో ఎవరి ఖైదీలు, జాలర్లు ఉన్నారో పేర్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి, పట్టుకున్నవాళ్లని మూడు నెలల్లోపు వాళ్ల రాయబార కార్యాలయం వాళ్లు కలవనివ్వాలి. రూలు ప్రకారం నెలలో రావాల్సినవాళ్లు ఏళ్లు పడి ఉంటున్నారు, నిజమే. కానీ పేరు ఆ జాబితాలో ఉందంటే మనిషి బతికున్నాడని ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. 2025లో పహల్గాం దాడి, ఆ తర్వాత అంత గొడవ జరిగాక కూడా జులై 1న జాబితాలు చేతులు మారాయి. ఒప్పందం మొత్తం కలిపి రెండు మూడు పేజీలు.

ఇంకోటి, మనందరికీ తెలిసినదే, కానీ సహకారమని ఎవరూ అనరు. తుఫాన్ల పేర్లు. 2018లో శ్రీకాకుళాన్ని ఊడ్చేసిన తిత్లీ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ పేరు మయన్మార్‌ది. ఇరాన్ నుంచి థాయిలాండ్ దాకా 13 దేశాలు తలా 13 పేర్లిచ్చి 169 పేర్ల జాబితా పెట్టుకున్నాయి. పేరు ఒక్కటే కాదు, ఢిల్లీలోని మన వాతావరణ కేంద్రం ఇచ్చే హెచ్చరికలు వాళ్లందరికీ వెళ్తాయి. దీనికి శిఖరాగ్ర సమావేశం లేదు, కాబట్టి రద్దు కావడానికీ ఏమీ లేదు.

అలాగని ఇద్దరి కాగితాలన్నీ గట్టివని అనుకోకండి. పాకిస్తాన్‌తో 1960 సింధు జలాల ఒప్పందం తటస్థ నిపుణుడు, మధ్యవర్తిత్వ కోర్టు, గడువు లేకపోవడం, ప్రపంచ బ్యాంకు, అన్ని తాళాలూ ఉన్న ఒప్పందం. మూడు యుద్ధాలు తట్టుకుంది. పహల్గాం దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో మనం దాన్ని నిలిపివేశాం. బంగ్లాదేశ్‌తో గంగా నీళ్ల ఒప్పందం దానికి పూర్తి విరుద్ధం: 1996 డిసెంబరు 12న 30 ఏళ్లకి చేశారు, జనవరి నుంచి మే దాకా ఫరక్కా బ్యారేజీ దగ్గర పది రోజులకోసారి లెక్క, 70 వేల క్యూసెక్కులో అంతకంటే తక్కువో ఉంటే సగం సగం. తీర్పు చెప్పే మూడో మనిషి లేడు. గడువు 2026 డిసెంబరుతో తీరుతుంది. మళ్లీ రాసుకునేటప్పుడు నన్ను అడిగితే (అడగరు) చిన్న గడువు, మధ్యలో సమీక్ష, లెక్కలో తేడా వస్తే తేల్చే ఒక నిపుణుడు, ఈ మూడూ కావాలంటాను. మూడో మనిషి తీర్పుకి మనం భయపడాల్సిందేమీ లేదు: బంగ్లాదేశ్‌తో సముద్ర సరిహద్దు కేసులో 2014లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకిచ్చింది, మనం ఒప్పుకున్నాం, ఆ గొడవ అక్కడితో తీరింది.

అయితే దేనికి ఏది

నీళ్లకి ఇద్దరి కాగితమే, ఏడుగురిని పిలిస్తే ఏడేళ్లు పడుతుంది. పైన చెప్పిన తాళాలతో, పైగా ఆ నది ఉన్న రాష్ట్రాన్ని మొదటి రోజే బల్ల దగ్గర కూర్చోబెట్టి. కరెంటుకి ముగ్గురు చాలు: 2024 అక్టోబరు 3న ఖాట్మండులో నేపాల్, ఇండియా, బంగ్లాదేశ్ సంతకం చేశాయి, నవంబరు 15న నేపాల్ కరెంటు మన లైన్ల మీదుగా బంగ్లాదేశ్‌కి వెళ్లింది. 40 మెగావాట్లే, కానీ వెళ్లింది. రోడ్లకి బీబీఐఎన్, భూటాన్ ఇష్టమైనప్పుడు వస్తుంది. ఓడలకి బిమ్స్‌టెక్. సరుకుకి మాత్రం ఒకటే ఎంచుకోవడం తెలివితక్కువ, ఉన్న దారులన్నీ తెరిచి పెట్టుకోవాలి. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం పడిపోయినప్పుడు పెట్రాపోల్ సరిహద్దు దగ్గర లారీలు రోజుల తరబడి నిలిచిపోయాయి, మా మిర్చి యార్డులో బంగ్లాదేశ్ ఆర్డర్ల మీద ఆధారపడ్డ కొట్లవాళ్ల మొహాలు నేను చూశాను.

మరి సార్క్? దాన్ని ఉంచడానికి మనకయ్యే ఖర్చు ఎంతని. 2020 మార్చి 15న కరోనా మొదలైన వారాల్లో మన ప్రధాని పిలిస్తే ఎనిమిది దేశాలూ వీడియోలో కలిశాయి, మనం కోటి డాలర్లతో అత్యవసర నిధి మొదలుపెట్టాం. నంబరు ఫోన్‌లో సేవ్ అయి ఉంది కాబట్టి కుదిరింది. పైగా నేను రోజూ ముద్ర వేయించే సాఫ్టా కాగితం వేళ్లు అందులోనే ఉన్నాయి.

ఇదంతా మా మేనకోడలికి గంటసేపు చెప్పాను. అంతా విని, "అంటే రెండూ ఉంచాలి, పనిని బట్టి వాడాలి, అంతేనా? డిబేట్‌లో అలా కుదరదు మామయ్యా, ఒక వైపే మాట్లాడాలి" అంది.

"అయితే మూసెయ్యొద్దు వైపు మాట్లాడమ్మా. పదో అధికరణ ప్రకారం మూసెయ్యాలన్నా ఎనిమిది మందీ ఒప్పుకోవాలి, పాకిస్తాన్‌తో సహా."